తీగ మీది చద్దర్

మా అత్త పోయాక ఇల్లు కడుగుతున్న రోజున, తలుపు వెనక కొయ్యకు వేలాడే పాత చద్దర్‌ను ఎదురింటి వదిన కర్రతో ఎత్తింది. "ఇంక గిదెందుకు వదినె? కచరా గాడీల పారేస్తా" అంది. నేను వెళ్లి ఆ కర్ర పట్టుకున్నాను. కర్ర కూడా మా అత్తదే. ఆ చద్దర్‌ను చేత్తో తాకకూడదని, దాని కోసమే ఒక కర్ర ఉంటుందని, ఆ కర్రకు గోడవారన ఒక చోటు ఉంటుందని మా గల్లీలో అందరికీ తెలుసు.

ఆ చద్దర్ మా మామ నేసింది. ఎర్రదారం, నల్లదారం. మధ్యలో నెమలి. మగ్గంలో బొమ్మ దించే జకార్డ్ అట్టలు ఎక్కడో తారుమారై నెమలికి మెడ రాలేదు. తల ఒకచోట, ఒళ్లు ఒకచోట. నేత పని ఇచ్చే సేఠ్ దాన్ని తీసుకోలేదు. అలాంటి తప్పు నేత చద్దర్ సోలాపూర్‌లో మా సాలెవాళ్ల గల్లీలో ఇంటికొకటి ఉండేది. ముట్టయిన రోజుల్లో ఇంటి ఆడమనిషి దాని మీద కూర్చోవాలి, దాని మీదే పడుకోవాలి. పొయ్యి ముట్టకూడదు, మగ్గం మీది పడుగు ముట్టకూడదు. తలస్నానం చేసిన పొద్దున దాన్ని ఉతికి ఇంటిముందు తీగ మీద ఆరేయాలి. తీగ మీద చద్దర్ కనబడిందంటే ఆ ఇంటి కోడలి సంగతి గల్లీకి తెలిసినట్టే. కనబడకపోతే మరీ తెలిసినట్టు.

ఈ పద్ధతికి మా అత్తను మించిన కాపలాదారు లేదు. గడప పక్కన, వీధికి ముఖం పెట్టి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వేళ్ల వైపు చూసేది కాదు. కళ్లు వీధిలో ఉండేవి, వేళ్లు వాటి పని అవి చేసుకునేవి. చుట్టిన బీడీని ఒక్కొక్కసారి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కేది. ఎందుకని అడిగితే "లోపట తంబాకు కుదిరిందా లేదా ఇనబడ్తది" అనేది. మనుషులతోనూ అంతే. ఎవరు ఏం చెప్పినా వెంటనే బదులు చెప్పేది కాదు. తల కొంచెం పక్కకు వంచేది, ఆ మాటను కూడా నొక్కి వింటున్నట్టు. ఆ తల వంపు చూస్తే నాకు భయం. వంపు తర్వాత వచ్చే మాటకు కాదు. మాట రాకపోతే భయం.

"చుట్టినంకనే దారం కట్టాలె" అనేది ఆమె ఊతపదం. తొందరపడి మాట్లాడేవాళ్లందరికీ అదే మందు.

నేను నడివయసులో మధ్యాహ్నం బడికి పోయి అక్షరాలు నేర్చుకుంటుంటే ఆమె కాదనలేదు. "నా పేరు రాసియ్యి, ఎట్లుంటదో చూస్త" అంది. రాసి ఇచ్చాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, "ఏం ఇనొస్తలేదే" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "రాస్తె రాసుకో గని నా పేరు నలుగుర్ల ఎయ్యకు" అంది. అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంకా అక్షరాలు నేర్వని నాటిది. అప్పుడు నా మొగుడు భివండిలో మర మగ్గాల మీద పని చేస్తున్నాడు. ఉగాదికి వచ్చి పోయాడు. మళ్లీ దీపావళికే రావడం. ఇంట్లో నేను, అత్త, బడికి పోయే నా బిడ్డ. దసరా ఇంకా రాలేదు. ఉగాది తర్వాత కూడా నెలనెలా వచ్చిన ముట్టు, వానాకాలం మొదలయ్యాక నాకు రాలేదు.

మొదట్లో ఆలస్యం అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ మాట సరిపోలేదు. ఒళ్లు బరువెక్కింది. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. గాజులు మణికట్టు దగ్గర బిగిసిపోయాయి. అందరూ చెమటలు కక్కుతుంటే నాకు చలి. చాట ముందు కూర్చుంటే చాలు నిద్ర ముంచుకొచ్చేది. ఇన్ని జరుగుతున్నా నాకు కనబడింది ఒక్కటే. మా తీగ ఖాళీగా ఉంది.

బీడీలు అప్పజెప్పడానికి రోజూ సాయంత్రం అశోక్ చౌక్ దాటి కార్ఖానాకు పోయేవాళ్లం. అక్కడ వరుసలో కూర్చున్నప్పుడే గల్లీ సంగతులన్నీ దొర్లేవి. ఆ రోజు ఎదురింటి వదిన మొదలుపెట్టింది.

"ఏం వదినె, మొకం మంచిగ నిండింది. ఏం తింటున్నవ్, మాక్కూడ చెప్పరాదు?"

"ఏం లేదు వదినె. అదే జొన్నరొట్టె."

"మీ నెమలి ఎండకొస్తలేదేంది? అలిగిందా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒక పెద్దామె నన్ను కాపాడబోయింది. "ఊకోండ్రే. ఉపాసాలు జాస్తి చేస్తె ఆగుతది. రథోత్సవానికి బయట చేరొద్దని గోలీలు మింగుతరు గద, వాటితోటి గూడ ఎన్కముందు అయితది. మా చెల్లెకు ఫికర్ తోటి ఆగింది, వాళ్లాయన ఆస్పత్రిల ఉన్నప్పుడు."

"ఈమెకేం ఫికర్? మొగుడు భివండిల కమాయిస్తుండె."

"మొగుడు భివండిల ఉన్నోళ్లకు ఆగొద్దు మరి" అంది ఇంకొకామె, కత్తెరతో బీడీ ఆకు కత్తిరించినంత తేలిగ్గా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

ఎదురింటి వదిన మా అత్త వైపు తిరిగింది. "తప్పు పట్టకు పెద్దవ్వా. నిప్పు లేంది పొగొస్తదా, నువ్వే చెప్పు."

అత్త తల పక్కకు వంచింది. ఆ వంపు ఎంతసేపున్నదో నాకు తెలియదు.

"తడి కట్టె పెట్టి చూడు" అంది చివరికి. "మంట రాదు. ఇల్లంత పొగనే. కండ్లు మండేది ఊదెటోళ్లయే."

వదిన తన బీడీ కట్టలు లెక్కపెట్టుకోసాగింది. నా ప్రాణం కుదుటపడింది. అయితే తిరిగి వచ్చేటప్పుడు అత్త నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడూ పక్కన నడిచే మనిషి ఆ రోజు ముందు నడిచింది. చౌక్‌లో ఆటోలు, బస్సు అడ్డం వచ్చినా నా చెయ్యి పట్టుకోలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నేనే అన్నాను.

"అత్తా, నాకేం తెల్వదు. ఎందుకాగిందో నాకు సమజైతలేదు."

"నేనడిగిన్నా?"

"అడగలే. గని..."

"అడగలే గదా. అయిపాయె."

ఆమె పెనం మీద పొగాకు మాడ్చి పళ్లకు రుద్దుకునే మిశ్రి పొడి చేస్తూ కూర్చుంది. ఆ ఘాటు ఇల్లంతా నిండింది. అడిగితే చెప్పుకునేదాన్ని. దేవుని మీద ఒట్టు పెట్టేదాన్ని, బిడ్డ మీద పెట్టేదాన్ని. అడగని మనిషికి ఏమని చెప్పుకోవాలి? నమ్మిందో లేదో తెలియకుండా ఆమె వండింది తినడం, ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం, ఆమె వీపు చూస్తూ పడుకోవడం. ఆమె కొడుకుకు ఒక్క ఫోన్ చేస్తే నా సంసారం అక్కడితో సరి. ఫోన్ ఆమె నడుము సంచిలోనే ఉండేది.

తర్వాత ఒక పొద్దున నేను నీళ్లకు లేచి వాకిట్లోకి వచ్చేసరికి తీగ మీద చద్దర్ ఉంది.

తడిసి బరువుగా వేలాడుతోంది. కొసల నుంచి ఎర్రనీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. మెడ లేని నెమలి వీధి వైపు తిరిగి ఉంది. ఎదురింటి వదిన పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, చూసి, "వచ్చిందా వదినె! ఫో, మంచిగైంది తియ్. నిన్నటిదాంక మాక్కూడ పరేషాన్" అంది. ఆమె ముఖంలో నిజంగానే సంతోషం, దాని పక్కనే ఏదో చేజారిన నిరాశ.

లోపలికి వెళ్లాను. కర్ర దాని చోట అలాగే ఉంది. అత్త చేతులు కడుక్కుంటోంది. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో ఎరుపు పోవడం లేదు. ఆ చద్దర్ నీళ్లలో మునిగి మైల పోయాక ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండాలి. ఒక్కత్తే ఎలా పిండిందో!

"నువ్వెందుకు పిండినవ్ అత్తా?"

"మురికైంది."

"నేను దాని మీద కూసోనే లేదు గదా."

"తెల్సు."

"మరి..."

"గట్టిగ మాట్లాడకు. గల్లీ ఇంటది. కూసో, ఆకు కత్తిరించు."

చాట ముందు కూర్చున్నాను. కానీ నా ప్రాణమంతా తీగ మీద ఉంది. ఆమె నన్ను కాపాడుతోందని సంతోషించాలి. నాకు సంతోషం రాలేదు. దాచిందంటే దాచవలసింది ఉందని ఆమె అనుకున్నట్టే కదా! నేను చెయ్యని తప్పు మీద ఆమె చద్దర్ కప్పింది. ఆ చద్దర్ అక్కడ ఆరుతున్నంతసేపూ ఆ తప్పు నేను ఒప్పుకున్నట్టే. మధ్యాహ్నం గల్లీలో ఎవరూ లేనప్పుడు వెళ్లి దాని కొస పట్టుకున్నాను. లాగి పారేద్దామని. లాగితే ఇంటి పేరు పోతుంది, వదిలితే నా పేరు పోతుంది. చేతికి తడి తగిలింది. వదిలేసి వచ్చాను. గడప దగ్గర అత్త నన్ను చూస్తూనే ఉంది. ఆమె వేళ్లు మాత్రం బీడీ చుట్టడం ఆపి ఉన్నాయి. ఆ వేళ్లు ఆగడం నేను చూసింది అప్పుడే.

ఆదివారం నాడు భివండి నుంచి ఫోన్ వచ్చింది. అత్తకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం రాదు, స్పీకర్ పెట్టి ముందు పట్టుకునేది. నేను పక్కనే అన్నం తింటున్నాను.

"అవ్వా, ఏంది అక్కడ? ఎవరో ఏందేందో అంటున్నరు."

"ఎవరు?"

"ఎవరైతేంది? దాని గురించి. ఖరానా, అబద్ధమా చెప్పు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అత్త తల వంచింది. ఫోన్‌లో మగ్గాల చప్పుడు వినబడుతోంది. ఆదివారం కూడా ఎవరో మగ్గం నడుపుతున్నట్టున్నారు. ఆ చప్పుడు ఆగకుండా వస్తోంది, ఆమె మాట రావడం లేదు.

"ఖరానే" అంది.

నేను ముద్ద కంచంలో వేసేశాను.

"దాని తబియత్ మంచిగలేదు. మొకం ఉబ్బుతున్నది. ఎంటికలు పిడికిళ్ల కొద్ది ఊడుతున్నయి. రేపు దవాఖానకు తీస్కపోతున్న. నీకు చెప్పినోళ్లకు నువ్వు గూడ చెప్పు, ఇంక ఏమన్న ఉంటె మా అవ్వనే అడుగుండ్రి అని."

"దానికియ్యి ఫోన్" అన్నాడు.

"అది నీళ్లకు పోయింది" అంది అత్త, నా ముఖంలోకి చూస్తూ. ఫోన్ పెట్టేసి, "తిను, చల్లారుతున్నది" అంది.

మరునాడు ఆటోలో హోట్గి రోడ్ వైపు ఉన్న ఒక చిన్న దవాఖానకు పోయాం. మా గల్లీవాళ్లు ఎవరూ అంత దూరం రారని ఆమె లెక్క. డాక్టరమ్మ మరాఠీ ఆమె. ఎన్నాళ్లుగా రాలేదు, పిల్లలెందరు అని అడుగుతూ రాసుకుంది. మొగుడు ఏం చేస్తాడంది. భివండిలో ఉంటాడన్నాను. ఆఖరుసారి ఎప్పుడొచ్చాడంది. ఉగాదికి అన్నాను. పెన్ను ఆగింది. ఆమె చెడ్డగా చూడలేదు. అయినా ఆ ఆగడం నాకు తగిలింది.

"ముందు ఒక పరీక్ష చేద్దాం. అందరికీ చేస్తాం, నీకొక్కదానికే కాదు" అంది.

చిన్న సీసా ఇచ్చారు. నర్సు ఒక పట్టీ బల్ల మీద పెట్టి, ఒక గీత వస్తే కడుపు లేదని, రెండొస్తే ఉందని చెప్పింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గీతలు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు కదా! నర్సు వాకిట్లోకి తొంగి చూసి "ఆజీ, యా నా, బఘా" అని అత్తను పిలిచింది. వచ్చి చూడమని. అత్త బెంచీ మీద నుంచి లేచింది. లేచి, లోపలికి కాదు, బయటికి పోయింది.

పట్టీలో తడి మెల్లగా పాకింది. ఒక గీత వచ్చింది. రెండోది రాదని నాకు తెలుసు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? అయినా నా కళ్లు దాని కోసం వెతుకుతూనే ఉన్నాయి. అంతమంది అనుమానిస్తే మన ఒంటి మీద మనకే అనుమానం పుడుతుంది. రాలేదు. నర్సు పట్టీ తీసి చెత్తబుట్టలో వేసింది. నా నెలల భయం ఆ బుట్టలో ఎంత చిన్నగా ఉందో!

డాక్టరమ్మ నా గొంతు పట్టుకుని మింగమంది. మెడ ముందువైపు వేళ్లతో తడిమింది. ముట్టు ఆలస్యమైతే అందరూ కడుపే అనుకుంటారని, కారణాలు చాలా ఉంటాయని చెప్పింది. తిండి తగ్గినా, బరువు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, మనసులో బెంగ ఉన్నా, పండుగలకని గోలీలు మింగినా, అండాశయంలో నీటిబుడగలున్నా, ముట్లుడిగే వయసు ముందే వచ్చినా ఆగవచ్చునట. గొంతులో థైరాయిడ్ అనే గ్రంథి మందగించినా ఆగుతుందట. నా ఉబ్బు, చలి, నిద్ర, ఊడే జుట్టు చూస్తే అదే అనిపిస్తోందని, రక్తపరీక్ష చేస్తేగాని చెప్పలేనని రక్తం తీయించింది. తర్వాత అదేనని తేలింది. పొద్దున్నే పరగడుపున ఒక గోలీ. కొన్ని నెలలకు నా ఒళ్లు నా మాట వినడం మొదలుపెట్టింది.

ఆ రోజు బయటికి వచ్చేసరికి అత్త ఆటోవానితో మాట్లాడుతోంది. ఎక్కి కూర్చున్నాం. ఏమైందని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. మిశ్రి డబ్బీ తీసి మూత తెరిచి మళ్లీ మూసింది. ఇక నావల్ల కాలేదు.

"లోపటికి పిలిస్తె రాలేదేంది అత్తా?"

"చూసుడేముంది అండ్ల?"

"అంటె నన్ను నమ్మినవన్నట్టేనా?"

ఆటో గుంతలో పడి లేచింది. ఆమె తల వంచింది. ఈసారి ఎక్కువసేపు వంచలేదు.

"ఇయ్యాల నమ్ముతున్న. అన్నంల నీ ఎంటికలు వచ్చినయి. కడుపుల ఉన్నప్పుడు ఊడయి, కానుపైనంక ఊడతయి. అది చూసినంక నమ్మిన."

"చద్దర్ పిండిన్నాడు?"

"ఆనాడు నమ్మలే."

"నమ్మకపోతె మరి ఎందుకు పిండినవ్?"

ఆమె నా వైపు తిరిగింది. విసుగు, ఆశ్చర్యం కలిసిన ముఖం, తెలిసిన పనిని తప్పు చేసినవాళ్లను చూసే ముఖం.

"నమ్మితేనే పిండాల్నా?" అంది.

ఆమె వీధి వైపు చూస్తూ చెప్పుకుపోయింది, బీడీ చుట్టినట్టే, నన్ను చూడకుండా.

"నీ మొగుడు పుట్టినంక నాకు గూడ ఆగింది. ఎందుకాగిందో అప్పుడెవలు చెప్పిరి? దవాఖాన ఎవలెరుగుదురు? ఎండిన చెట్టు అన్నది మా అత్త. కొడుక్కు ఇంకోదాన్ని చూస్త అని తిర్గవట్టె. ఇగ నెలనెల నీళ్లల్ల ముంచి ఏసిన చద్దర్. మా అత్త తీగను చూసి సప్పుడు చేయకుండె. గల్లీ గూడ తీగనే చూసింది. మనిషినెవలు చూసిండ్రు?"

"మామకు తెల్వదా?"

"తెల్వకేంది? పిండేటప్పుడు ఒక కొస పట్టుకునేది ఆయననే."

జీవితాంతం కర్రతో ఎత్తిన మనిషి! ఆ చద్దర్ అబద్ధం చెప్పగలదని గల్లీలో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. అయినా కర్ర వదల్లేదు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. కర్ర ఉన్నంతకాలం ఆ చద్దర్ దగ్గరికి ఎవరూ రారని కావచ్చు.

నాకు మళ్లీ ముట్టు వచ్చిన పొద్దున చద్దర్ తేవడానికి ఆమె తలుపు వెనక్కి పోయింది. "నేను కూసోను అత్తా" అన్నాను. గొడవకు సిద్ధమై అన్నాను. ఆమె తల వంచింది.

"కూసోకు" అంది. "తీగ మీద మాత్రం ఎయ్యి."

ఆనాటి నుంచి మా తీగ నిజం చెప్పడం మానేసింది. ఆమెకు బుద్ధి పుట్టినప్పుడు చద్దర్ తడిపేది. ఒక నెలలో రెండుసార్లు, తర్వాత పండుగ దాకా అసలే లేదు. ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని పిండేవాళ్లం. ఎదురింటి వదిన ఒకసారి ఉండబట్టలేక "మీ ఇంట్ల ఏం జరుగుతున్నదో సమజే అయితలేదు పెద్దవ్వా" అంది. "సమజ్ కావొద్దనే" అంది అత్త, బీడీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కుతూ.

ఇల్లు కడిగిన రోజున వదిన చేతిలో నుంచి కర్ర తీసుకుని గోడకు ఆనించాను. చద్దర్‌ను చేతులతో ఎత్తి బకెట్‌లో ముంచాను. ఇన్నేళ్లయినా ఎరుపు దిగుతూనే ఉంది. తడిసి బరువెక్కింది. ఒక్కదాని వల్ల కాలేదు.

"ఆ కొస పట్టు వదినె" అన్నాను.

ఆమె కర్ర వైపు చూసింది, చద్దర్ వైపు చూసింది, కొంగు నడుముకు చెక్కి వచ్చి పట్టుకుంది. ఇద్దరం మెలిపెట్టి పిండి తీగ మీద వేశాం. మెడ లేని నెమలి వీధి వైపు తిరిగింది. నాకు ముట్లుడిగి చాలా కాలమైంది. నా బిడ్డ అత్తగారింట్లో ఉంది. వదిన చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించి అడిగింది.

"ఇంట్ల ఆడపోరి గూడ లేదు గదనే. ఎవరిదని చెప్పాలె గల్లీకి?"

తెలియకుండానే నా తల కొంచెం పక్కకు వంగింది.

"మా అత్తది" అన్నాను.